మగశిశువుల సున్తీ: క్షేమాక్షేమములు

తెలుగునాట ఈ ఆచారమునకు పేర్లు పెక్కు. ముస్లిం కుటుంబములలో సున్తీ అనియు, ఖత్నా అనియు అందురు. తెలుగు మాటాడు దూదేకుల ఇండ్లలో ఒడుగులు అను మాటయు వినవచ్చును. ఒడుగు అనగా తెలుగున ఉపనయనము. బాలుని మతాచారములోనికి తెచ్చు వేడుక యను భావము ఆ పేరులోనే ఉన్నది. తెలుగు బైబిలులో ఇదే సున్నతి. అరబ్బీలో సంప్రదాయమను అర్థము గల సున్నత్ అను పదమే ఇట్లు మన భాషలో స్థిరపడి, ముస్లిం గృహమునందును క్రైస్తవ గ్రంథమునందును ఒక్కటిగా నిలిచినది.

బాపట్లకు చీరాలకు నడుమ రైలుదారిపై నున్న స్టూవర్టుపురమును తీసికొందము. 1910 దశకమున సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబముల కొరకు ఏర్పడిన సెటిల్మెంటు అది. అచటి క్రైస్తవ గృహములలో సున్నతి గ్రంథమున చదువు మాటయే గాని ఇంట జరుపు ఆచారము కాదు. బాపట్ల, చీరాల, రేపల్లె, తెనాలి పట్టణముల ముస్లిం కుటుంబములకు మాత్రము అది ఇంటింటి శుభకార్యము. చేబ్రోలు సమీపమున కొత్తారెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను పేర యూదు మతమును అనుసరించు చిన్న తెలుగు సమాజము కూడ కలదు. యూదుల ధర్మశాస్త్రము శిశువునకు ఎనిమిదవ దినమున సున్నతి విధించుచున్నది. ఇవి గాక, తోలు బిగిసినదని వైద్యుని కడకు తీసికొని వచ్చిన పిల్లలకు, వారు ఏ మతము వారైనను, ఇదే శస్త్రచికిత్స జరుగుట కలదు. కావున ఇది ఒక్క మతము వారు మాత్రమే తెలిసికొనవలసిన విషయము కాదు.

ఆచారమును పాటించుట, మానుట కుటుంబముల నిర్ణయము. ఆ చర్చ ఇచట మన పని కాదు. పాటింపదలచిన తల్లిదండ్రులు బిడ్డకు కీడు కలుగకుండ ఎట్లు చేయించవలెనన్నదే ప్రశ్న. ఇది చిన్న శస్త్రచికిత్స; కాని శస్త్రచికిత్సయే. ఇందులో కలుగు ప్రమాదములలో అధిక భాగము మూడు చోట్ల పుట్టును: ముందు బిడ్డను పరీక్షింపకపోవుట, చేయునపుడు శుభ్రతయు నేర్పును లేకపోవుట, చేసిన పిమ్మట కనిపెట్టి చూడకపోవుట. ఈ మూడును మనుష్యులు సవరింపగల లోపములే.

మొదట ఆ భాగము స్వభావమును తెలిసికొందము. పుట్టిన మగశిశువునకు లింగాగ్రమును కప్పియుండు చర్మము లోపలి భాగముతో అంటుకొనియే ఉండును. అది వెనుకకు రాకపోవుట వ్యాధి కాదు. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అను బ్రిటిష్ శిశువైద్యుడు ఈ విషయమై ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించెను. ఆయన లెక్కలో పుట్టుకనాటికి ఆ చర్మము పూర్తిగా వెనుకకు వచ్చు శిశువులు నూటికి నలుగురు మాత్రమే. ఏడాది నాటికి సగము మంది. మూడేండ్లకు 90 మంది. కొందరికి ఇంకను ఆలస్యమగును, అదియు సహజమే. కావున స్నానము చేయించునపుడు తల్లులు గాని, మంత్రసానులు గాని ఆ చర్మమును బలవంతముగా వెనుకకు లాగరాదు. లాగినచో చిరిగి, ఆ గాయము మానునపుడు మచ్చ కట్టి, లేని బిగువు నిజముగనే ఏర్పడును. చర్మము తెల్లబడి గట్టిపడుట, మాటిమాటికి చీము పట్టుట, మూత్రము సాఫీగా రాకపోవుట వంటి లక్షణములున్నపుడే వైద్యపరముగా ఆలోచింపవలెను. అపుడు సయితము కొందరికి పూతమందుతో నయమగును.

ఇక చేయు విధానములు. వెనుకటి కాలమున హజాము చర్మమును ముందునకు లాగి, వెదురుబద్దతోనో చిమటాతోనో బిగించి, మంగలికత్తితో ఒక్క కోత కోసెడివాడు. నేర్పరియైన హజాము చేయి చాల వేగము గలది. తరతరముల అభ్యాసము అది. ఆ మనిషిని తక్కువ చేయుట తగదు. కాని ఆ కోతలో కత్తికి లోపల నున్న లింగాగ్రము కంటికి కనబడదు. రక్తనాళము తెగి కారినచో దానిని కట్టివేయు సాధనము చేత ఉండదు. నొప్పి తెలియకుండ చేయు మందు ఉండదు. ఆధునిక పద్ధతులన్నియు ఈ లోపములను తీర్చుటకు పుట్టినవే. అమెరికాలో 1930 దశకమున వచ్చిన గోంకో క్లాంపులో ఒక లోహపు గంట లింగాగ్రమును కప్పి కాపాడును. చర్మము దాని చుట్టును నలిగి రక్తనాళములు మూసికొనిన పిమ్మట కోయుదురు. 1950 దశకమున ప్లాస్టిబెల్ అను ప్లాస్టిక్ ఉంగరము వచ్చినది. దానిపై చర్మమును దారముతో బిగించి కట్టి, అదనపు భాగము కత్తిరింతురు. ఉంగరము సాధారణముగా అయిదు మొదలు ఎనిమిది దినములలో తానే ఊడిపడును. పెద్ద పిల్లలకు చర్మము కోసి, కరిగిపోవు దారముతో కుట్లు వేయుదురు.

ప్రమాదము ఎంత? 2010లో హెలెన్ వీస్ ప్రభృతులు పలు దేశముల పరిశోధనలను క్రోడీకరించి చూచిరి. పసికందులలోను ఏడాది లోపు శిశువులలోను ఏదో ఒక ఉపద్రవము కలిగినవారు, పరిశోధనల మధ్యస్థ విలువ ప్రకారము, నూటికి ఒకటిన్నర మంది. ఏడాది దాటిన పిల్లలలో అది ఆరు. ఈ ఉపద్రవములలో పెక్కు స్వల్పములు, తీవ్రమైనవి అరుదు. అయితే ఒక్కొక్క పరిశోధనకు మరియొక దానికి తేడా చాల ఉన్నది: పసికందులలో సున్న నుండి 16 శాతము వరకు కనబడినది. ఆ తేడాలోనే మనకు పాఠమున్నది. చేసినవాని శిక్షణ, పనిముట్ల శుభ్రత బాగున్న చోట సంఖ్య తగ్గెను. అవి లేని చోట పెరిగెను.

మన ప్రాంతమున కొన్ని కుటుంబములు శిశువుగా నుండగనే చేయింతురు. కొన్ని బాలుడు మూడు నుండి ఏడేండ్ల వాడైన పిదప బంధువులను పిలిచి, విందుతో చేయింతురు. శైశవమున గాయము చిన్నది, సాధారణముగా కుట్లు అక్కరలేదు, త్వరగా మానును. పెద్దవాడైనచో కుట్లు, పూర్తి మత్తు అవసరమగును. మత్తు ఇచ్చునపుడు ఆ పనికి ప్రత్యేక వైద్యుడు ఉండవలెను. గైర్డ్‌నర్ వ్రాసిన నాటికి ఇంగ్లండు, వేల్సులలో ఏటా సుమారు 16 మంది అయిదేండ్ల లోపు పిల్లలు ఈ చికిత్స కారణముగా మరణించుచుండిరి. అందులో పెక్కింటికి మత్తుమందు కారణమని ఆయన చూపెను. నేటి మత్తుమందు నాటిది కాదు. అయినను, ఆకలితో నుంచవలసిన బిడ్డకు ప్రేమకొలది ఎవరో పాలు పట్టిరన్న మాట దాచినచో నేటికిని ప్రాణాపాయమే.

ఒకే దినమున పలువురు బాలురకు సామూహికముగా జరిపించునపుడు గమనింపవలసినది మరియొకటి కలదు. ఒక బాలునకు వాడిన కత్తి, సూది మరల క్రిమిరహితము చేయక ఇంకొకనికి తాకరాదు. హెపటైటిస్ బి, హెచ్‌ఐవి వంటివి రక్తముతో అంటును. వేడినీట కడుగుటయు, మంటలో ఒక క్షణము చూపుటయు చాలవు.

అన్నింటికంటె ముఖ్యముగా ఎరుగవలసినది రక్తము సంగతి. మూడు కిలోల శిశువు దేహములోని రక్తమంతయు కలిపి సుమారు పావు లీటరు. అందులో పదవవంతు, అనగా 25 మిల్లీలీటర్లు, కాఫీ హోటలు గ్లాసులో నాలుగవ వంతు. పెద్దవారికి లెక్కకు రాని ఆ కొంచెము శిశువునకు పెద్ద నష్టము. గుడ్డలలో ఇంకిపోవు రక్తము కంటికి తక్కువగా కనబడును. మెల్లమెల్లగా గంటల తరబడి కారినది ఒక్కసారి చిమ్మిన దానికంటె మోసము చేయును.

రక్తము గడ్డకట్టుటకు కాలేయము తయారుచేయు కొన్ని పదార్థములు కావలెను. వాటికి విటమిన్ కె అవసరము. దీనిని గూర్చిన పరిశోధనకే హెన్రిక్ డామ్, ఎడ్వర్డ్ డాయిసీ అను శాస్త్రజ్ఞులకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది. పుట్టిన బిడ్డలో ఈ విటమిన్ స్వల్పము, తల్లిపాలలోను కొద్దియే. అందుచేతనే ఆసుపత్రిలో పుట్టిన వెంటనే తొడకు ఒక సూది వేయుదురు. ఇంట పుట్టిన బిడ్డకు అది పడియుండకపోవచ్చును. శైశవమున సున్తీ తలపెట్టినవారు మొట్టమొదట అడుగవలసిన మాట, ఆ సూది పడినదా అని. ఎనిమిదవ దినమునకు అంతయు సరియగునని నమ్మి దానిని మానరాదు.

రెండవది హీమోఫీలియా. ఈ వ్యాధి గల మగబిడ్డకు రక్తము త్వరగా గడ్డకట్టదు. ఇది తల్లి ద్వారమున కుమారునకు సంక్రమించును. తల్లి ఆరోగ్యముగనే కనబడును. దీనిని శాస్త్రము వివరింపక మునుపే యూదుల పెద్దలు గమనించిరి. తాల్ముదు గ్రంథమున, ఒక తల్లికి ఇద్దరు కుమారులు సున్నతి వలన మరణించినచో మూడవవానికి చేయరాదను విధి కలదు. నలుగురు అక్కచెల్లెండ్రలో ముగ్గురి కుమారులు వరుసగా మరణింపగా, నాల్గవ ఆమె బిడ్డకు చేయవలదని ఒక గురువు ఆదేశించిన వృత్తాంతమును అందే ఉన్నది. మతవిధిని ఇంత కఠినముగా పాటించువారు సయితము ప్రాణమునకు ముందు దానిని వెనుకకు జరిపిరి.

కావున తెలుగింట ఈ ప్రశ్న మేనమామలను గూర్చి అడుగవలసినది. తల్లికి తోడబుట్టినవారిలో, ఆమె అక్కచెల్లెండ్ర కుమారులలో, ఆమె తల్లి వైపు మగవారిలో, పన్ను తీయించినపుడు గాని, దెబ్బ తగిలినపుడు గాని, సున్తీ నాడు గాని రక్తము ఆగక బాధపడినవారు ఉండిరా? కీళ్ళు వాచి మూలబడినవారు ఉండిరా? ఉన్నచో రక్తపరీక్ష చేయించక కత్తి తాకనీయరాదు. మేనరికములు తరచుగా జరుగు కుటుంబములలో ఇతర రక్తస్రావ వ్యాధులు కొన్ని ఇరువైపుల నుండియు కలిసి వచ్చు అవకాశము హెచ్చు. అచట తండ్రి వైపు వారిని గూర్చియు విచారింపవలెను. హీమోఫీలియా శిశువులలో సుమారు మూడవవంతు మందికి కుటుంబమున అట్టి చరిత్రయే ఉండదు. కనుక ఎవరును లేరన్న సమాధానము పూర్తి అభయము కాదు. రక్తము ఆపగల చోటనే చేయించుట దానికి మందు.

మూడవది, మూత్రద్వారమును చూచుట. సుమారు 250 నుండి 300 మంది మగబిడ్డలలో ఒకనికి అది కొనయందు గాక క్రిందివైపున ఉండును. దీనిని హైపోస్పేడియస్ అందురు. దానిని సరిచేయు శస్త్రచికిత్సకు ఆ ముందరి చర్మమే తరచుగా ముడిసరుకు. తెలియక కోసి పారవేసినచో తరువాత వైద్యుని పని కష్టమగును. పుట్టుకతోనే సున్తీ అయిన బిడ్డ యని పెద్దలు ముచ్చటపడు శిశువులలో కొందరికి నిజమున ఉన్నది ఈ లోపమే. అట్టి బిడ్డను శిశు శస్త్రవైద్యునకు చూపవలెను. నెలలు నిండక పుట్టినవారికి, తూకము తక్కువైనవారికి, జ్వరముగాని, తీవ్రమైన కామెర్లుగాని ఉన్నవారికి ముహూర్తము వాయిదా వేయుటయే మేలు.

పసికందులకు నొప్పి తెలియదను మాట చాల కాలము వైద్యులలో సయితము ఉండెడిది. 1987లో కె. జె. ఎస్. ఆనంద్, పి. ఆర్. హిక్కీ అను వైద్యులు ప్రకటించిన వ్యాసము ఆ భ్రమను తొలగించినది. 1997లో కెనడా వైద్యులు మరియొక సంగతి చూపిరి: మందు లేకుండ సున్తీ జరిగిన శిశువులు నాలుగు లేక ఆరు నెలల వయసున టీకా వేయునపుడు ఇతర శిశువులకంటె హెచ్చుగా బాధపడిరి. నేడు లింగమూలమున లిగ్నోకెయిన్ సూదిమందుతో ఆ భాగమును మొద్దుబారునట్లు చేయవచ్చును. దానిలో అడ్రినలిన్ కలిసియుండరాదు. నాలుకపై చక్కెరనీరు ఊరట కలిగించును గాని మందునకు బదులు కాదు.

ఆసుపత్రి గోడలే రక్షణ యనుకొనుటయు పొరపాటే. 1966లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక ఆసుపత్రిలో విద్యుత్తుతో కాల్చు సాధనమును వాడగా ఒక శిశువు లింగము పూర్తిగా దగ్ధమైనది. అందుచే అడుగవలసినది భవనమును గూర్చి కాదు, చేయువానిని గూర్చి. ఆయన ఇట్టివి ఎన్ని చేసెను? ఏ పద్ధతి? రాత్రివేళ రక్తము కారినచో ఎవరిని పిలువవలెను? ఈ ప్రశ్నలు అడుగుట అమర్యాద కాదు. వేడుకలో హజామునకు తరతరములుగా వచ్చు మర్యాద, కట్నము యథాప్రకారము ఇచ్చి, కోత మాత్రము వైద్యుని చేతికి అప్పగించిన కుటుంబమునకు ఆచారమును దక్కును, బిడ్డయు క్షేమముగా నుండును.

లాభములను గూర్చియు నిష్పక్షముగా చెప్పవలెను. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో 2005, 2007 సంవత్సరములలో ఫలితములు వెలువడిన మూడు పరిశోధనలు, సున్తీ చేయించుకొనిన పురుషులకు స్త్రీల నుండి హెచ్‌ఐవి సోకుట సుమారు 50 నుండి 60 శాతము తగ్గునని చూపెను. అవి ఆ వ్యాధి మిక్కుటముగా వ్యాపించిన దేశములలో వయస్కులపై జరిగినవి. శిశువులలో మూత్రనాళపు జబ్బులును తగ్గును. కాని 2005 నాటి ఒక విశ్లేషణ ప్రకారము ఆరోగ్యవంతులైన 111 మందికి సున్తీ చేసిన ఒకరికి ఆ జబ్బు తప్పును. అమెరికా శిశువైద్యుల సంఘము 2012లో లాభములు ప్రమాదములను మించునని చెప్పియు, అందరికిని చేయవలెనని సిఫారసు చేయలేదు. అదే సంవత్సరము జర్మనీలోని కొలోన్ న్యాయస్థానము, నాలుగేండ్ల బాలునకు రక్తస్రావమైన వ్యవహారములో, ఇది దేహహింసయని తీర్పు చెప్పగా, డిసెంబరులో ఆ దేశపు పార్లమెంటు వైద్యనియమములకు లోబడి దీనిని అనుమతించు చట్టము చేసెను. లోకము ఇంకను ఈ విషయమున ఒక్క మాటపై లేదు. శుభ్రత, శిక్షణ ఆవశ్యకమనుటలో మాత్రము భేదాభిప్రాయము లేదు.

చేసిన పిమ్మట తల్లి చూడవలసినవి ఇవి. మొదటి 24 గంటలు ప్రతి గంటకో రెండు గంటలకో గుడ్డ విప్పి చూడవలెను. రాత్రి దీపము వెలిగించియైన చూడవలెను. ఒకటి రెండు చుక్కల మరక సహజము. రూపాయి బిళ్ళకు మించి మరక పెరుగుచున్నచో శుభ్రమైన గుడ్డతో పది నిముషములు మెల్లగా ఒత్తి పట్టి, అప్పటికిని ఆగనిచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. 12 గంటలలో మూత్రము పోయనిచో చూపింపవలెను. రెండు మూడు దినముల పిదప గాయముపై కనబడు పసుపుపచ్చని పలుచని పొర చీము కాదు, మానుటకు గుర్తు, దానిని గీకరాదు. కాని ఎరుపు పొత్తికడుపు వైపు ప్రాకుట, దుర్వాసన, జ్వరము, పాలు త్రాగకపోవుట, లింగాగ్రము నల్లబడుట అపాయసూచనలు. ప్లాస్టిక్ ఉంగరము పది దినములైనను ఊడనిచో, లేక వెనుకకు జారి బిగిసినచో ఇంట లాగరాదు. తరువాతి నెలలలో మూత్రధార సన్నగిల్లి ఒక ప్రక్కకు పోవుచున్నచో ద్వారము ఇరుకైనదేమో చూపవలెను.

గాయముపై బూడిద, పేడ, పసుపు, కాఫీపొడి వేయుట ఎవరు చెప్పినను వినరాదు. ధనుర్వాతపు బీజములు మట్టిలో, పేడలో ఉండును. మనదేశమున బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతము నిర్మూలన స్థాయికి వచ్చినదని 2015లో గుర్తింపు లభించినది. అది గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల ఫలితము. గాయముపై మురికి వేసి ఆ ఫలమును పోగొట్టుకొనరాదు.

స్టూవర్టుపురము వంటి చోట నున్నవారికి బాపట్ల ఆసుపత్రి దగ్గర; రేపల్లె వైపు వారికి తెనాలి, అంతకు మించిన చికిత్సకు గుంటూరు పెద్దాసుపత్రి. 108 వాహనము పిలుపునకు వచ్చును. కావున తిథిని నిశ్చయించునపుడే, ఆ రాత్రి అవసరమైనచో ఏ వాహనమున, ఏ ఆసుపత్రికి, ఎవరు తోడు పోవలెనో నిశ్చయించుకొనవలెను. విందు సందడిలో తల్లి యొక్కతెయే ఆ గుడ్డను విప్పి చూచుచుండక, ఇంటి పెద్దలలో ఒకరు ఆ పనికే మేలుకొని యుండుట మంచిది.